ఆస్పత్రి అప్పుల చిక్కుముడి: ముందు ఏ పోగు లాగాలి?

మా పిన్ని అప్పుల లెక్కంతా తన కొడుకు, అంటే మా తమ్ముడి పాత లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంది. ఎడమవైపు పేర్లు, కుడివైపు డబ్బులు. బాబాయికి గుండెపోటు వచ్చి, బైపాస్ చేసి, పదకొండు రోజులు ఐసీయూలో ఉంచి ఇంటికి పంపిన మూడో నెల అది. మిర్యాలగూడ దగ్గర వాళ్ల ఊరికి వెళ్లిన రాత్రి, భోజనాలయ్యాక ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. మొత్తం 5,85,000 రూపాయలు. "ఎంత కట్టినా తగ్గుతలేదు, ఎక్కడ పోతుందో నువ్వే చూడు" అంది.

పేజీలో ఎవరికి ఎంత ఇవ్వాలో ఉంది గానీ, ఏది ఎంత వడ్డీకి తెచ్చారో ఎక్కడా లేదు. ఆ రాత్రి మేం చేసిన పనల్లా స్కేలు పెట్టి కుడివైపు ఇంకో గీత గీయడం, ఒక్కో పేరు ఎదురుగా నెలకు వందకు ఎంత పడుతుందో రాయడం. పదిన్నరకు మొదలుపెడితే పన్నెండు దాటింది. సగం అప్పుల వడ్డీ ఎంతో తెచ్చినవాళ్లకే సరిగ్గా తెలియదు మరి.

ఆ పేజీ ఇలా ఉంది. పిన్ని నెక్లెస్, గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చింది 1,50,000. ఊళ్లో వడ్డీకిచ్చే పెద్దమనిషి దగ్గర ప్రోనోటు మీద తెచ్చింది 2,00,000. తమ్ముడు ఆస్పత్రి కౌంటర్లో క్రెడిట్ కార్డు గీకింది 1,20,000. లోన్ యాప్‌లలో 30,000. చేబదుళ్లు ఇంకా 85,000: మామయ్యకు 40,000, తమ్ముడి స్నేహితుడికి 25,000, పక్కింటివాళ్లకు 20,000.

మూడు నెలలుగా చేతికి డబ్బు రాగానే పిన్ని ముందు పక్కింటివాళ్లకు, స్నేహితుడికి ఐదో పదో వేలు ఇస్తూ వచ్చింది. వాళ్లు ఒక్క పైసా వడ్డీ అడగలేదు. ఎందుకలా అంటే, "ఎవరి మొహం రోజూ చూడాలో వాళ్లకే ముందు ఇయ్యాలనిపిస్తది" అంది. నాకైతే ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. కాకపోతే ఆ మూడు నెలలూ ప్రోనోటు మీద వడ్డీ, కార్డు మీద వడ్డీ చప్పుడు చేయకుండా పడుతూనే ఉన్నాయి. ఆస్పత్రి బిల్లు ఒకసారి వచ్చి పోతుంది. ఆ బిల్లు కట్టడానికి రెండు రోజుల్లో, కంగారులో, దొరికిన చోటల్లా తెచ్చిన అప్పు ఏ రకమైనదన్న దాన్ని బట్టే ఆ ఇల్లు తేరుకుంటుందా, మునుగుతుందా అన్నది తేలుతుంది.

వందకు ఎంత?

మన దగ్గర వడ్డీని శాతాల్లో కాకుండా రూపాయల్లో చెప్పుకుంటాం. రూపాయి వడ్డీ అంటే వందకు నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24, మూడంటే 36, ఐదంటే 60 శాతం. బ్యాంకులు, కార్డు కంపెనీలు ఏడాది శాతాల్లో చెబుతాయి. ఈ రెండు భాషలూ కలిసిపోయి జనం మోసపోతారు. "కార్డు మీద మూడున్నర శాతమే కదా" అని తమ్ముడు అనుకున్నాడు. అది నెలకు. ఊరి భాషలో చెప్పాలంటే మూడున్నర రూపాయల వడ్డీ, అంటే ప్రోనోటు కన్నా ఎక్కువ. దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ.

అందుకే అన్నిటినీ రూపాయల భాషలోకి మార్చి రాశాం. బ్యాంకు బంగారం ముప్పావలా (వందకు నెలకు 75 పైసలు), అంటే నెలకు 1,125 రూపాయలు. ప్రోనోటు మూడు రూపాయలు, నెలకు 6,000. కార్డు జీఎస్టీతో కలిపి నెలకు 4,956. చేబదుళ్లు సున్నా. యాప్‌ల సంగతి పక్కన పెట్టినా నెలకు 12,081 రూపాయలు ఒట్టి వడ్డీ. ఇంటి రాబడి తమ్ముడి జీతం 22,000, పిన్ని మిషన్ మీద కుట్టి తెచ్చే ఆరు వేలు. ఇరవై ఎనిమిది వేలలో పన్నెండు వేలు పోతున్నా అసలు అలాగే ఉంది. పిన్ని అడిగిన "ఎక్కడ పోతుందో" అన్నదానికి జవాబు ఆ కొత్త కాలమ్‌లో దొరికింది.

కార్డు బిల్లు మీద "మినిమమ్ డ్యూ" అని చిన్న మొత్తం కనిపిస్తుంది. అది కడితే సరిపోతుందనుకుంటారు. 1,20,000 బాకీకి మినిమమ్ సుమారు 5 శాతం, అంటే 6,000 అనుకుందాం. అందులో దాదాపు ఐదు వేలు వడ్డీకి, పన్నుకు పోయి, అసలులో వెయ్యి రూపాయలు తగ్గుతుంది. పైగా ఆ కార్డు మీద కొత్తగా కొన్న కిరాణాకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. బాకీ తీరేదాకా ఆ కార్డును బీరువాలో పెట్టాల్సిందే.

యాప్‌లది ఇంకో లోకం. అనుమతి లేని యాప్‌లు ఐదు వేలు ఇస్తామని చెప్పి, ఫీజుల పేరుతో పట్టుకుని ఖాతాలో మూడున్నర వేలు వేసి, ఏడో రోజుకు ఐదు వేలు కట్టమంటాయి. మూడున్నర వేలకు వారంలో 1,500. వందకు వారానికి 43 రూపాయల వడ్డీ. దాన్ని కట్టడానికి ఇంకో యాప్, ఆ రెండోదానికి మూడోది. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు ఇలాంటి యాప్‌ల మీద వరసగా కేసులు పెట్టే నాటికే వీటి వేధింపులతో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. జాబితాలో ఇలాంటిది ఉంటే ఎంత చిన్నదైనా మొట్టమొదట తీరాల్సింది అదే.

కట్టే ముందు, రావాల్సింది ఉందేమో

అప్పు తీర్చడం గురించి ఆలోచించేముందు ఒక పూట బిల్లుల సంచీ ముందేసుకుని కూర్చోవాలి. పిన్ని బిల్లులన్నీ ఒక బట్టల షాపు కవర్లో దాచింది. నేల మీద పరిచి తేదీల వారీగా పేరిస్తే, డిశ్చార్జి రోజు వాడకుండా మిగిలిన మందులు ఫార్మసీలో వాపసు ఇచ్చిన చీటీ ఒకటి దొరికింది. 11,340 రూపాయలు. ఫైనల్ బిల్లులో ఆ మొత్తం ఎక్కడా తగ్గించలేదు. ఆ చీటీ జిరాక్సు పట్టుకుని బిల్లింగ్ కౌంటర్ చుట్టూ నెలన్నర తిరిగితే వెనక్కి ఇచ్చారు. మందులు, పరీక్షలు, బెడ్ చార్జీలు, డాక్టర్ ఫీజులు విడివిడిగా రాసిన బిల్లు అడగడం రోగి హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పట్టికలో అది ఉంది. ఆ పట్టికను కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. బిల్లు బాకీ ఉందని రోగిని గానీ, చనిపోతే శవాన్ని గానీ పట్టి ఉంచకూడదన్నది కూడా అందులోనే ఉంది. కేస్ షీటు, రిపోర్టులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి చెబుతోంది.

ఇక ముఖ్యమంత్రి సహాయ నిధి. సొంత డబ్బుతో వైద్యం చేయించుకున్న పేద కుటుంబాలకు కొంత తిరిగి ఇచ్చే ఏర్పాటు ఇది. సాధారణంగా ఎమ్మెల్యే లేదా ఎంపీ ఆఫీసు ద్వారా దరఖాస్తు వెళ్తుంది. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం అడుగుతారు. ఒరిజినల్స్ చేతులు దాటేముందు ప్రతి కాగితం జిరాక్సు తీసి పెట్టుకోండి, మళ్లీ దొరకవు. ఎంత వస్తుందన్న గ్యారంటీ లేదు, బిల్లు మొత్తం రాదు, నెలలు పడుతుంది. నకిలీ బిల్లులతో ఈ నిధిని కాజేశారని 2024లో తెలంగాణ సీఐడీ ఆస్పత్రుల మీద కేసులు పెట్టింది. బిల్లుల తనిఖీ ఉంటుంది కాబట్టి, ఆస్పత్రి సీలు, సంతకం లేని కాగితం ఉంటే ముందే సరిచేయించుకోవాలి. బాబాయికి ఆరు నెలల తర్వాత 60,000 చెక్కు వచ్చింది. ఆపరేషన్ ఇంకా కాకపోతే, నిమ్స్ లాంటి చోట చేయించుకునేవాళ్లు ముందుగానే ఎల్‌ఓసీ, అంటే ఇంత ఖర్చు ప్రభుత్వం భరిస్తుందన్న లెటర్, అడగొచ్చు.

నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఒకటుంది. బైపాస్ ఆరోగ్యశ్రీలో ఉన్న ఆపరేషనే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం తెలంగాణలో ఇప్పుడు కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో 25 లక్షల దాకా. పిన్ని ఇంట్లో కార్డు ఉంది. కానీ అర్ధరాత్రి ఎవరో చెప్పిన ఆస్పత్రికి తీసుకెళ్లారు, అది పథకం ఆస్పత్రుల నెట్‌వర్క్‌లో లేదు, అడగాలని ఎవరికీ తోచలేదు. మనిషి ఛాతీ పట్టుకుని మెలికలు తిరుగుతుంటే కార్డు ఎవరికి గుర్తొస్తుంది? అందుకే ఈ పని ఆరోగ్యంగా ఉన్న రోజునే చేసి పెట్టుకోవాలి: మీ ఊరికి దగ్గర్లో నెట్‌వర్క్ ఆస్పత్రి ఏదో 104కు ఫోన్ చేసి కనుక్కుని, ఇంట్లో అందరి ఫోన్లలో రాసి పెట్టండి. రోగి ప్రస్తుతం నెట్‌వర్క్ ఆస్పత్రిలోనే ఉంటే అక్కడ పథకం సాయానికి ఉండే ఉద్యోగి, ఆరోగ్యమిత్రను కలవండి. ఎమర్జెన్సీలో ఫోన్ మీద అనుమతి తీసుకునే వీలుంటుంది. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల వరకు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ విస్తరణ 2024 అక్టోబరులో వచ్చింది.

ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉండి క్లెయిమ్ తిరస్కరించిన ఇళ్లు కూడా చాలానే ఉన్నాయి. "షుగర్ ఉన్నట్టు ముందు చెప్పలేదు" అన్న కారణం ఎక్కువగా వినిపిస్తుంది. పాలసీ ఆగకుండా ఐదేళ్లు నడిచి ఉంటే, మోసం జరిగిందని నిరూపిస్తే తప్ప ఆ కారణంతో తిరస్కరించకూడదని 2024లో నియమం మారింది. అంతకుముందు ఎనిమిదేళ్లు ఉండేది. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారి అయిన ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది. 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఒక్క తిరస్కరణ లెటర్ చూసి చేతులెత్తేసి, ఆ మొత్తాన్ని మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఉద్యోగం చేసేవాళ్లకు పీఎఫ్ ఉంటుంది. సొంత వైద్యానికే కాదు, భార్య, పిల్లలు, తల్లిదండ్రుల వైద్యానికి కూడా అందులోంచి డబ్బు తీసుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. తమ్ముడికి ఈ సంగతి తెలియదు. ఆన్‌లైన్‌లో పెడితే 34,000 వచ్చింది. యాప్‌ల బాకీ దానితోనే ఆ వారం మూసేశాం.

ఖరీదైన అప్పును చౌక అప్పుగా మార్చడం

అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేయకూడదని పెద్దవాళ్లు చెబుతారు. మూడు రూపాయల అప్పు తీర్చడానికి ఐదు రూపాయల అప్పు తెస్తే ఆ మాట అక్షరాలా నిజం. కానీ మూడు రూపాయల దాన్ని ముప్పావలాకు మార్చుకుంటే అప్పు పెరగదు, దాని ఆకలి తగ్గుతుంది.

పిన్ని బీరువాలో చెల్లి పెళ్లికని దాచిన ఆరు గాజులున్నాయి. వాటిని ముట్టుకోకూడదని మొదట్లోనే ఒట్టు పెట్టుకుంది. నెలకు ఆరు వేలు ప్రోనోటు వడ్డీ కడుతూ, గాజులు మాత్రం చీర మడతల్లో భద్రం. ఈ విషయం మాట్లాడటానికి నాకు రెండు రోజులు పట్టింది. చివరికి లెక్క రాసి చూపించాను: గాజులు ఏడాది బీరువాలో ఉంటే ప్రోనోటు తినేది 72,000. గాజులు బ్యాంకులో పెడితే అమ్మినట్టు కాదు, తెచ్చుకోవచ్చు. ఏడాదిలో ప్రోనోటుకు పోయే వడ్డీతో ఇంకో గాజు చేయించవచ్చు. ఆ చివరి మాటకు ఒప్పుకుంది. గాజుల మీద 1,00,000 వచ్చింది, ముప్పావలా వడ్డీకి. మిగతా లక్ష డ్వాక్రా సంఘం ద్వారా రూపాయి వడ్డీకి దొరికింది. సంఘం తీర్మానానికి, బ్యాంకుకు కలిపి ఐదు వారాలు తిరిగింది.

కార్డు బాకీని తమ్ముడు బ్యాంకుకు ఫోన్ చేసి 24 నెలల ఈఎంఐలోకి మార్పించాడు, ఏడాదికి 15 శాతానికి. నెలకు సుమారు 5,800. ఇలా మార్చమని మనం అడగాలి, అడిగే ముందు ప్రాసెసింగ్ ఫీజు, ముందే మూసేస్తే పడే చార్జీ కనుక్కోవాలి.

ఇప్పుడు మళ్లీ కూడితే, ప్రోనోటు 6,000 స్థానంలో గాజులకు 750, డ్వాక్రాకు 1,000. కార్డుకు మొదటి నెల వడ్డీ, జీఎస్టీ కలిపి 1,770. పాత బంగారానికి 1,125. అన్నీ కలిపి 4,645. ఒక్క రూపాయి అప్పు తీర్చకుండానే నెలకు 7,400 పైగా మిగిలింది. డ్వాక్రా లక్ష మూడేళ్ల వాయిదాలకు నెలకు సుమారు 3,300, కార్డు ఈఎంఐ 5,800, బంగారం వడ్డీ 1,875: మొత్తం 11,000 చిల్లర. మునుపు ఒట్టి వడ్డీకే పన్నెండు వేలు పోయేది. ఇప్పుడు అంతకన్నా తక్కువ కడుతూ రెండు అప్పుల అసలు కరుగుతోంది. ఆ లెక్క చూశాక పిన్ని పుస్తకం మూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

బంగారం విషయంలో ఒక జాగ్రత్త. చాలా గోల్డ్ లోన్లు ఏడాది గడువుతో ఉంటాయి. నెలనెలా కట్టమని ఎవరూ గుర్తుచేయరు, ఏడాది చివర వడ్డీ, అసలు కలిపి ఒకేసారి అడుగుతారు. గడువు దాటితే నోటీసు, తర్వాత వేలం. పిన్ని చేత ప్రతి నెలా వడ్డీ బ్యాంకులో కట్టించి రసీదు పుస్తకంలో అంటించమన్నాను. అడ్రస్ మారితే బ్యాంకులో మార్పించుకోవాలి, వేలం నోటీసు పాత ఇంటికి పోయి నగ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

మైక్రోఫైనాన్స్ అప్పు ఉంటే 2022లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధన ఒకటి తెలిసి ఉండాలి. ఏడాది ఆదాయం 3 లక్షలు దాటని కుటుంబానికి అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల రాబడిలో సగం మించకూడదు. ముందే తీర్చేస్తే అపరాధ రుసుము వేయకూడదు. ఇక బ్యాంకు ఈఎంఐ కట్టలేని నెల వస్తే, బౌన్స్ అయ్యేదాకా ఆగకుండా ముందే బ్రాంచికి వెళ్లి చెప్పాలి. 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ కింద పడుతుంది, ఆ తర్వాత బ్యాంకు వాళ్ల చేతుల్లో కూడా వెసులుబాటు తగ్గిపోతుంది. తక్కువ కట్టి "సెటిల్" చేసుకోవడానికి ఆశపడేముందు, మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుందని, రేపు ఇంటి లోన్‌కు అది అడ్డొస్తుందని గుర్తుంచుకోవాలి.

చేబదుళ్ల సంగతి? లెక్క ప్రకారం అవి చిట్టచివర రావాలి. కానీ మనుషుల దగ్గర తెచ్చిన డబ్బును శాతాలతోనే కొలిస్తే రేపు గుమ్మం తొక్కలేం. పిన్ని ముగ్గురి ఇళ్లకూ వెళ్లి, ఎవరికి ఏ నెలలో ఇస్తుందో చెప్పి వచ్చింది. ఆ మాట చెప్పడానికే ఆమెకు ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చింది. ముగ్గురూ సరేనన్నారు. సహాయ నిధి చెక్కు రాగానే అందులోంచి 40,000 మామయ్యకు ఇచ్చేశాం. వాళ్లింట్లో పెళ్లి పెట్టుకున్నారు. ఆ డబ్బు ఎక్కువ వడ్డీ ఉన్నచోట కడితే కొంత మిగిలేదే, అయినా ఆ నిర్ణయం సరైనదేనని నా నమ్మకం.

ప్రోనోటు వెనకవైపు

ఊళ్లో అప్పు తీర్చడంలో డబ్బు ఎంత ముఖ్యమో కాగితం అంత ముఖ్యం. పిన్ని తీసుకున్న రెండు లక్షల్లో మొదటి నెల వడ్డీ ముందే పట్టుకుని చేతికి 1,94,000 ఇచ్చారు, నోటు మాత్రం రెండు లక్షలకే. మూడు నెలలు వడ్డీ కట్టింది గానీ ఎక్కడా రాత లేదు. నోటు వెనకవైపు "జమ" రాయించుకోవాలి, తేదీతో సహా. లేదంటే ఫోన్‌పేలో పంపాలి, అదే రుజువు. జమ కింద అప్పు తీసుకున్నవాళ్లు సంతకం చేస్తే నోటుకున్న మూడేళ్ల కాలపరిమితి ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుందన్నది కూడా తెలిసి చేయాలి. చివరి పైసా కట్టిన రోజు చెల్లు రాయించుకుని నోటు వెనక్కి తీసుకోవాలి. "రేపు వెతికి ఇస్తా" అంటే ఆ రేపటి దాకా చివరి పదివేలు ఆపండి. ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే దాన్నీ అడిగి తీసుకోవాలి, తీరిపోయిన అప్పుకు చెక్ బౌన్స్ కేసు ఎదురైన కుటుంబాలు ఉన్నాయి.

లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయడం చట్టం ఒప్పుకోదు, మరీ మితిమీరిన వడ్డీని తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. 2015లో విజయవాడ కాల్ మనీ (ఫోన్ చేస్తే చాలు ఇచ్చే అధిక వడ్డీ అప్పుల) వ్యవహారం బయటపడినప్పుడు ఈ వ్యాపారం ఎంత దూరం పోగలదో రాష్ట్రమంతా చూసింది. బెదిరింపు ఉంటే పోలీసులకు చెప్పాలి. బెదిరింపు లేదు, బేరమే మిగిలిందంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్ మంచి దారి. 15100కు ఫోన్ చేయొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా లాయర్ను ఇస్తారు.

ఇంటికొచ్చే ఫోన్లు, మనుషులు

బ్యాంకు గానీ, ఫైనాన్స్ కంపెనీ గానీ రికవరీ కోసం ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. బంధువులకు, స్నేహితులకు చెప్పి పరువు తీయడం, తిట్టడం, బెదిరించడం కుదరదు. కాల్స్ రికార్డు చేయండి, తేదీలు రాయండి. ముందు కంపెనీకి ఫిర్యాదు, 30 రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు. లోన్ యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు చూడటానికే వీల్లేదు. ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కేసు పెట్టాలి, ఆ బెదిరింపుకు డబ్బు కడితే మళ్లీ అడుగుతారు. ఇంట్లో ఎవరైనా ఇలాంటి ఫోన్లు వచ్చినప్పటి నుంచి మౌనంగా ఉంటున్నారంటే పక్కన కూర్చుని అడగండి. తమ్ముడు యాప్‌ల సంగతి నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ నెలలో వాడు సరిగ్గా నిద్రపోలేదని తర్వాత తెలిసింది.

ఐపీ అనే మాట

"వాడు ఐపీ పెట్టాడు" అన్నది మన దగ్గర తిట్టుతో సమానం. జనాన్ని ముంచి పారిపోయాడన్న అర్థంలో వాడతాం. నిజానికి ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి చట్టం కింద, అప్పులు తీర్చలేని మనిషి నిజాయితీగా కోర్టుకు వెళ్లి "నా ఆస్తి ఇది, అప్పులివి" అని చెప్పుకునే దారి. కోర్టు దివాలా ప్రకటిస్తే ఆస్తి కోర్టు నియమించిన రిసీవర్ చేతికి వెళ్తుంది, దాన్ని అప్పులవాళ్లకు పంచుతారు, ఎవరికివారు విడివిడిగా మీద పడటం ఆగుతుంది. తాకట్టు పెట్టిన ఆస్తి మీద ఆ బ్యాంకు హక్కు మాత్రం పోదు. ఐపీ పెట్టేముందు పొలం బావమరిది పేరు మీద రాస్తే తప్పించుకోవచ్చనుకుంటారు. రెండేళ్ల లోపు అలా చేసిన రాతలను కోర్టు కొట్టేయగలదు. ఇది ఆఖరి దారి, ఏళ్లు పడుతుంది, మంచి లాయరు లేకుండా దిగకూడదు. కానీ వైద్యం వల్ల నిజంగా కూలిపోయిన ఇల్లు ఆ దారి పడితే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

డబ్బు కేసు ఓడిపోయినా అన్నీ లాక్కుపోరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం వంట పాత్రలు, పడకలు, వేసుకునే బట్టలు, చేతివృత్తివాళ్ల పనిముట్లు, రైతు ఉండే ఇల్లు జప్తు చేయకూడదు. ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి మీంచి తీయకూడని నగలు, అంటే పుస్తెలు, వాటినీ ముట్టుకోకూడదు. జీతంలో మొదటి వెయ్యి, ఆపైన మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు కూడా అంతే. డబ్బు డిక్రీ (కట్టమన్న కోర్టు తీర్పు) కోసం ఆడవాళ్లను అరెస్టు చేయడానికి వీల్లేదు. "కోర్టుకు లాగుతా, జైల్లో పెట్టిస్తా" అన్న మాటకు పిన్ని ఎంత వణికిందో చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మనిషి దక్కకపోతే, ఆయన ఒక్కడే సంతకం పెట్టి తెచ్చిన అప్పుకు వారసులు ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. కొడుకు, భార్య కూడా సంతకం పెట్టి ఉంటే అది వాళ్ల అప్పు. పదిహేను రోజుల లోపే అప్పులవాళ్లు వచ్చి కొత్త నోటు రాయమంటారు. ఆ బాధలో రాయకండి.

టాబ్లెట్లు

ఆ రాత్రి లెక్క రాస్తున్నప్పుడు బయటపడ్డ ఇంకో విషయం అన్నిటికన్నా భయపెట్టింది. వడ్డీ సర్దడానికి బాబాయి రెండు రకాల మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు. పిన్నికి కూడా చెప్పలేదు. స్ట్రిప్ మీద తేదీ చూసి లెక్కపెడితే తెలిసింది. బైపాస్ తర్వాత మందులు ఆగితే రెండో గుండెపోటు, దానితో రెండో బిల్లు. అప్పు పుస్తకంలో మొట్టమొదటి గీత మందులదే ఉండాలి, ఏ వడ్డీకైనా ముందు. డాక్టర్‌ను అడిగి మందు పేరు జెనరిక్‌లో రాయించుకుని మిర్యాలగూడ జన ఔషధి కేంద్రంలో తెస్తే నెల ఖర్చు సగానికన్నా తగ్గింది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ప్రోనోటు చూశాను. వెనకవైపు ఆఖరి జమ, కింద అడ్డంగా "చెల్లు" అన్న రాత, రెవెన్యూ స్టాంపు మీంచి ఒక గీత. పిన్ని దాన్ని చింపలేదు, లాంగ్ నోట్‌బుక్‌లో మడిచి పెట్టింది. కార్డుకు ఇంకా పద్నాలుగు ఈఎంఐలున్నాయి. గాజులు బ్యాంకులోనే ఉన్నాయి, రెన్యూవల్ తేదీ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టి ఉంది.